మూడోసారి

తెల్లారగట్ట నాలుగింటికి ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద
పాట పాడేది గరికిన పోలేశ్వరి.
పాటంటే రాగం కాదు, వేలం.
"కోనెం గంప! ఆరువేలు! ఒకటోసారి!"
బోటు ఇంజన్ల మీదుగా, ఐసు మర మీదుగా
అరవకపోతే ఆ గొంతు
పక్క గంప దాకా కూడా పోదు.
నేను ఐసు కొడతాను.
పదకొండేళ్లుగా ఆ గొంతుకే సుత్తి ఎత్తాను, దించాను.

ఆ గొంతుని ఎవరో ఫోన్లో పట్టారు.
హైదరాబాద్ నుంచి నల్ల కారొచ్చింది.
వంద రోజులు కెమెరాల ఇంట్లో ఉండాలట.
పేరు పొడుగైందని 'పోలీ' చేశారు,
తలా తోకా కోసి నడిమి ముక్క తూకానికి పెట్టినట్టు.

మూడోవారం, వంటగదిలో
పొయ్యి మీది గంజి ఒలికింది.
"ఒలే తప్పుకో! కాళ్లు కాల్తాయి!" అంది.
మా జాలరిపేటలో ఒలే అంటే చెల్లి.
టీవీలో కాళ్లు లేవు, గంజి లేదు.
'ఒలే తప్పుకో' ఉంది.
ఒక ఉరుము ఉంది.
మూడుసార్లు ఆమె కళ్లున్నాయి.
తర్వాత ఏడుస్తున్న ఇంకో అమ్మాయి.
"ఆ ఏడుపు ఈ రోజుది కాదు,
ముక్కుపుడక చూడు, వేరేది" అంది మా ఆవిడ.
నేను వినలేదు. ఉరుము గట్టిగా ఉంది.

తెల్లారేసరికి ఊరంతా అదే మాట.
ఆర్కే బీచ్‌లో బనీన్ల మీద,
గాజువాక ఆటోల వెనక,
బడి పిల్లల కొట్లాటల్లో.
మద్దిలపాలెం సిగ్నల్ దగ్గరైతే బోర్డే పెట్టారు:
'అంబులెన్స్ వస్తోంది, ఒలే తప్పుకో.'
నవ్వాను.
ఆ మాటకి అసలు అర్థం తెలిసింది
ఆ బోర్డు ఒక్కదానికే.

సిరిపురం అపార్ట్‌మెంట్లలో
వాళ్లమ్మ దగ్గర చేపలు కొనడం మానేశారు.
"మీ అమ్మాయికి అంత పొగరేంటి?" అని అడిగి మరీ.
ఆవిడ కవ్వళ్ల తట్ట దించకుండానే
మెట్లు దిగొచ్చేసింది.

రోజుకి పది ఓట్లు నా చేతిలో.
ఎనిమిదోవారం ఆ పదీ
నేను పోలేశ్వరికి వేయలేదు.
ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.
పదకొండేళ్ల గొంతు కంటే
గంట సేపటి ఉరుముని నమ్మాను.

వచ్చింది. దండలేశారు, డప్పులు కొట్టారు.
చీరల షాపు ప్రారంభం, సెల్ షాపు ప్రారంభం,
"మేడమ్, ఒక్కసారి ఆ మాట."
మొదట్లో సిగ్గుపడేది.
తర్వాత గడ్డం ఎత్తడం, కనుబొమ్మ విరవడం
ఎంత బాగా పట్టుబడిందంటే
టీవీలో కంటే కోపంగా ఉండేది.
"కోనెం కంటే మాటకే రేటు బావుందన్నా," అంది ఓసారి.
నవ్వుతూనే అంది. నేను ఐసు వైపు చూశాను.

షాపులు అయిపోయాయి. కొత్త ఇంట్లోకి కొత్తవాళ్లు వెళ్లారు.
మొన్న మళ్లీ జెట్టీ మీదకొచ్చింది.
చుట్టూ ఫోన్లు.
"కోనెం గంప, ఏడువేలు, ఒకటోసారి"
అని ఆగింది.
ఏ వైపు నుంచి తీస్తున్నారో వెతికాయి కళ్లు.
షావుకార్లు ధర పెంచడం లేదు,
ఆ మాట కోసం చూస్తున్నారు.
"రెండోసారి..."

అప్పుడే తడి వాలులో
నా చేతిలోంచి ఐసు బండి జారింది.
ఎదురుగా యూట్యూబ్ అమ్మాయి,
బండికి వీపు పెట్టి వీడియో తీస్తోంది.
"ఒలే తప్పుకో!"
జెట్టీ దద్దరిల్లేలా అరిచింది పోలేశ్వరి.
అది పాత గొంతు. నాకు తెలుసు.
అందరూ ఈల వేశారు, చప్పట్లు కొట్టారు.
ఆ అమ్మాయి ఇంకా దగ్గరకి జూమ్ చేసింది.
కదల్లేదు.

పిక్క మీద ఆరు కుట్లు పడ్డాయి కేజీహెచ్‌లో.
వీడియోకి మాత్రం సాయంత్రానికే నాలుగు లక్షల మంది.
అందులో బండి లేదు.

ఆ రోజు మూడోసారి ఎవరూ అనలేదు.
గంప ఎండలో అలాగే ఉండిపోయింది,
కోనెం కళ్లు తెల్లబడే దాకా.
నేను మీద ఐసు పోస్తూనే ఉన్నాను.