ఖాళీలు

గాజు ఊదేవాడికి ఊపిరి మీద పట్టుండాలంటారు.
ముప్పై నాలుగేండ్లు ఉండింది నాకు,
ఇప్పుడు అలిపిరిలో నాలుగు మెట్లెక్కితే చాలు, పోతా ఉంది.

వనజాక్షి మేడం అప్పుడు రీసెర్చి పిల్ల.
పాకాల ప్యాసింజర్ దిగి
టిఫిన్ క్యారియర్‌తో నేరుగా వర్క్‌షాపుకే వచ్చేది.
"చెంగల్రాయుడన్నా, లోపల ఏమీ ఉండకూడదు,
గాలి కూడా."
ఏమీ లేనిదాన్ని చేసియ్యమని అడిగిన మనిషిని
అదే మొదలు చూడటం.

మంట నీలంగా మారేదాకా ఆగి
గొట్టం తిప్పతా తిప్పతా అతికిస్తి.
పంపు రాత్రంతా దగ్గింది.
పొద్దున పాదరసం మట్టం చూసి
ఎగిరి గంతేసి, మోచెయ్యి తగిలించి
అంతా పగలగొట్టింది.
ఇప్పటికీ ఊడిస్తే
గచ్చు సందులోంచి ఒక పూస దొర్లతాది.

ఆమైన ఢిల్లీ, కమిటీలు.
పేపర్లో ఫోటో, చివర్నించి రెండో కుర్చీ.
గొట్టంలో ఖాళీ కోసం ఏడ్చిన పిల్ల
దేశంలో కాలేజీలన్నిట్లో ఖాళీలు లెక్కబెట్టి
లావుపాటి రిపోర్టు రాసిందంట.
నలభై ఒకటో పేజీలో నేనుండా.
పేరు లేదు.
"వర్క్‌షాపు సిబ్బంది: విరమణతో పోస్టు రద్దు."

వీసీ అయి మళ్ళీ ఇక్కడికే వచ్చె.
ముందు డఫేదారు, వెనక ఫైళ్ళు.
దండం పెడితే "బాగుండావా అన్నా" అనె.
పోయిన నెల నా విరమణ కాగితం
ఆమె పచ్చ సిరాతోనే వచ్చింది.

నిన్న మాపటేళ, ఆఫీసు మూసినాక,
ఒకతే వచ్చి స్టూలు మీద కూర్చునింది.
"రాసేటప్పుడు నువ్వు గుర్తొచ్చినావన్నా.
వచ్చినా, రాసినా."

నేనేమీ అనలా.
నా మనవరాలు పుత్తూరు కాలేజీలో
ఫిజిక్స్ చెప్పించుకుంటా ఉండేది
ఆ రిపోర్టుతో వచ్చిన అయ్యవారి దగ్గరే.
అట్లని కడుపులో మంట లేకుండా పోలా.

బర్నర్ వెలిగిచ్చి
కాలిన గొట్టం ఆమె చేతికిస్తి:
"ఊదండి మేడం, మెల్లిగా."
బుడగ వంకరగా ఉబ్బి
ఒక పక్క పలచబడింది.
బయట డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టె.
చల్లారేదానికి కిటికీలో పెట్టి తాళమేసుకుంటిమి.

రేపు తాళంచెవి ఇచ్చెయ్యాల.
దాన్ని ఏ రిజిస్టర్లో ఎక్కించాలో తెలీదు.
లోపల గాలుంది, ఆమెది.