త్రీ ఫేజ్

కల్వకుర్తిల నా వైండింగు దుకాణం ఎనక
రేకుల షెడ్డుల పుట్టిందా బ్యాండు.
రాత్రి పదకొండుకు త్రీ ఫేజ్ వస్తే పాట,
పోతే బీడీ.
పేరు గూడ గదే పెట్టుకున్నరు.

ఇస్తారి గిటారుకు తీగచుట్ట నేనే చుట్టిన,
కాలిన స్టార్టరు కాయిల్ ఇప్పి, ఎంటికంత సన్నపు రాగి.
ఆరువేల చుట్లు. లెక్క తప్పితే మళ్ల మొదటికెళ్లి.
గుయ్యిమనేది,
బోరు గాలి మింగినట్లు.

గణపతి నిమజ్జనంల రెండో పాటకే వైరు పీకిండ్రు.
పాలమూరు కాలేజీల చెప్పు పడ్డది;
ఖాజా దాంతోనే డ్రమ్ము కొట్టి
రెండోది గూడ ఇయ్యమన్నడు.
అటెన్క పట్నం. అటెన్క
ఎక్కడిదో డర్బను, సముద్రం ఒడ్డు.
ఫోన్ల చూసిన:
కృపావరం మన యాసలనే ఒర్రుతుండు,
మాట తెల్వనోళ్లు ఎగురుతుండ్రు.
సప్పుడు మాత్రం
కడిగి బోర్లించిన గిలాస లెక్కున్నది.

నిన్న ఇస్తారి వచ్చిండు,
చేతిల తెగిన పాత చుట్ట.
"కొత్తయి బొచ్చెడున్నయన్నా,
ఒక్కటి గూడ గుయ్యిమంటలేదు."

ముందు లింగమ్మ మోటరయితది,
నారెండుతుందంటిని.
స్టూలు జరుపుకొని కూసున్నడు.
జరసేపటికి
ఆమె మోటరు చుట్లు
పెదిమలల్ల లెక్కవెడుతుండు.