సాక్సులు తొడిగిన సీసాలు

మార్కులు రాసేది నేను.
తాగేది వాళ్ళు నలుగురు.
నెలకో గురువారం, బ్రసెల్స్‌కి పడమట ఒక పల్లెలో,
యోస్ సైకిళ్ళ కొట్టు వెనక గదిలో,
రిపేరు బల్ల మీది గ్రీజు మరకలు కనబడకుండా
పాత దుప్పటి పరిచి.

సీసాలకు సాక్సులు తొడుగుతాం.
ఉన్నివి, మోకాళ్ళ దాకా వచ్చేవి.
ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచిన
హోడెలీవ్ కాళ్ళు అరగదీసినవి.
ఉతికినవే.
ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు.

ఏ సాక్సులో ఏముందో నాకొక్కదానికే తెలుసు.
ధరల చీటీ నా గడియారం పట్టీ కింద.
ఈసారి ఐదు సీసాలు.
అందులో ఒకటి డెబ్భై ఎనిమిది యూరోలు:
మూడు వేర్వేరు ఏళ్ళ బీరు కలిపి
నేలమాళిగలో నిద్రపుచ్చారట.
తలా పదిహేను అరవై వేసుకున్నాం,
తాగని నాతో సహా.
ఇంకొకటి మూలమీది కొట్లో
గుడ్ల అట్టల పక్కన దొరికేది.
రెండు యూరోల పది సెంట్లు.

వాన్నెస్ ముక్కు గ్లాసులో దించితే
గదిలో మాట ఆగిపోతుంది.
"గుర్రం మీంచి తీసిన తడి కంబళి," అంటాడు,
అది పొగడ్త.
"పచ్చి ఆపిల్, చివర్లో వగరు,"
అంటాడు పళ్ళ డాక్టరు టిబో,
వగరు తన వృత్తి ధర్మమైనట్టు.
యోస్ ఏమీ అనడు. కళ్ళు మూసి
చక్రం వంకర చూస్తున్నట్టు తల వంచుతాడు.

హోడెలీవ్‌కు వాసన తెలియదు.
రెండు చలికాలాల కిందటి జ్వరంతో పోయింది.
ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.
కాని అంకెలు నా చేతి కిందుగానే పోతాయి కదా:
అప్పట్నుంచీ ఆమె మార్కు
వాన్నెస్ మార్కుకు ఒక అర తక్కువ,
ప్రతి నెలా, ప్రతి సీసాకూ.

వంచేది మాత్రం ఆమే.
మూడో సాక్సు ఎత్తినప్పుడు
పార్శిళ్ళు తూచిన ఆ మణికట్టు
ఒక్క క్షణం ఆగింది.
గాజు మందం.
వాన్నెస్ ఇంకా గ్లాసు తిప్పుతుండగానే
"తొమ్మిది," అంది.

చీటీ తీశాను.
మూడో సీసాకు పావు తక్కువ ఎనిమిది.
గుడ్ల అట్టల పక్కదానికి ఏడుంబావు.
టిబో అక్కడికక్కడే లెక్కగట్టాడు:
"అర మార్కు ఖరీదు
డెబ్భై ఐదు యూరోల తొంభై సెంట్లు!"
"చివరి అర మార్కే ఎప్పుడూ ప్రియం,"
అన్నాడు యోస్, ఆ రాత్రి మొదటిసారి నోరు విప్పి.
"సైకిల్లోనూ అంతే.
చివరి అరకిలో తగ్గించడానికే
ఇల్లు తాకట్టు పెడతారు."
ఎవరూ ఒప్పుకోలేదు. ఎవరూ కాదనలేదు.
అడుగున మిగిలిన మడ్డిని మాత్రం
నలుగురూ సమానంగా పంచుకున్నారు.

నా దగ్గర ఇంకో లెక్క ఉంది.
హోడెలీవ్ మార్కులు తీసేసి చూస్తే
రెండు యూరోల సీసా గెలుస్తుంది.
పెన్సిల్ అక్కడే ఆనించి ఉంచాను.
కొట్టెయ్యలేదు.

వాళ్ళు కోట్లు తొడుక్కుని వెళ్ళాక
ఆమె సీసాలకు సాక్సులు విప్పుతోంది.
చవక సీసా మూతికి పెదవి ఆనించి ఊదింది:
పిల్లాడి ఈలలా సన్నగా.
తర్వాత ఆ ఖరీదైనదాన్ని రెండు చేతులా పట్టుకుని
ఊదింది.

పొగమంచులో కాలువ మీద పడవ కూసినట్టు,
బల్ల కింద చక్రాల చువ్వలు కూడా
సన్నగా వణికాయి.

మళ్ళీ ఊదింది.
నేను పుస్తకం తెరిచాను,
ఏ గడిలో రాయాలో తెలియక మూసేశాను.

"సాక్సులు నేనే ఉతుకుతాలే,"
అంది హోడెలీవ్,
సీసాను చంకలో పెట్టుకుని.