పడవ దిగేముందు

పొద్దున ఆరింటికొక పడవ, మధ్యాహ్నం ఒకటిన్నరకి ఇంకొకటి.
ఒకటిన్నరది రెండున్నరకి వస్తుంది.
ఆలస్యమైందనకండి, టికెట్లిచ్చే క్రిస్పులో చిన్నబుచ్చుకుంటాడు.
పోటు లేనప్పుడు అది ఒడ్డుదాకా రాదు,
చెప్పులు చేతబట్టుకుని మోకాటిలోతులో దిగాలి.
సూట్‌కేసు చక్రాలు మా ఇసకలో తిరగవు.
మోసే కుర్రాళ్ళకి యాభై పెసోలు.
బేరమాడదలిస్తే ముందు మీ పెట్టె మీరెత్తి చూడండి.

నేను చెబుతున్నాను, నా మేనకోడలు జింకీ రాస్తోంది.
పై మాట కాస్త మర్యాదగా మారుస్తానంటోంది.
వద్దన్నాను.

డబ్బు చిల్లరగా తెచ్చుకోండి.
మునిసిపల్ ఆఫీసు మెట్ల పక్కన ఏటీఎం ఉంది. ఉందంటే ఉంది.
నోట్లు రావాల్సిన సందులో కందిరీగలు గూడు కట్టాయి,
రెండేళ్ళుగా అందులో జమ అయినవి అవే.

కుళాయి నీళ్ళు పళ్ళు తోముకోడానికి, కుండలోవి తాగడానికి.
కరెంటు రాత్రి పదింటికి పోతుంది.
ఫ్యాను ఆగిన నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తారు, అందరూ లేస్తారు.
చూరులోంచి టుక్కో, టుక్కో అని పిలిచేది బల్లి.
వరసగా ఏడుసార్లు కూస్తే అదృష్టమంటారు.
నేను అయిదు దాకా లెక్కపెట్టేసరికి నిద్రపోతాను,
యాభై రెండేళ్ళుగా నా అదృష్టం సంగతి తేలలేదు.

నీళ్ళలో నల్లటి ముళ్ళబంతులుంటాయి, తుయోమ్ అంటాం.
తొక్కితే పిన్నీసుతో కెలక్కండి, కేకేయండి.
కొబ్బరికల్లు పులిసిన వెనిగరు అటకమీద సీసాలో ఉంది.
గట్టిగా కేకేయండి, మా ఆయన డోమెంగ్‌కి ఒక చెవే పనిచేస్తుంది,
అదీ రేడియో వైపు తిరిగి ఉంటుంది.

ఆదివారం పొద్దున ఏమీ దొరకవు: బండి, రొట్టె, నేను.
చర్చి నుంచి తొమ్మిదింటికొస్తాం.
ఎవరింటి ముందు నుంచి వెళ్తున్నా "రండి, తిందాం" అంటారు.
అది పలకరింపు. నిజంగా కూర్చోకండి.
కూర్చున్న జర్మనీ ఆయన ఒకాయన ఉన్నాడు,
ఇప్పుడు ఆ ఇంటి అల్లుడు.

రేడియోలో ఒకటో నంబరు హెచ్చరికంటే ఈత మానండి.
రెండంటే సామాను మంచమ్మీద పెట్టండి.
మూడంటే మంచం, సామాను వదిలేసి బడికి నడవండి,
నేను వెనకాలే బియ్యం మూటతో వస్తాను.

ఇక ఆ చెట్టు.
మీ చేతిలో కరపత్రం ఉంటుంది, అందరి చేతుల్లోనూ ఉంటుంది:
నీళ్ళమీదికి వంగిన కొబ్బరిచెట్టు, దాని మీద తెల్లగౌనులో ఎవరో అమ్మాయి.
అదెక్కడని బండి బెర్టింగ్‌ని అడక్కండి.
దీవంతా తిప్పి, మూడొందలు తీసుకుని,
"మొన్నటిదాకా ఇక్కడే ఉండేదే" అంటాడు.

లేదు. ఆ డిసెంబరు తుఫానుకి పడిపోయింది.
చర్చి కప్పు, పన్నెండు పడవలు, ఉత్తరం వైపు పగడాలు
ఆ రాత్రే పోయాయి. చెట్టు కోసం ఎవరం ఏడవలేదు.
నెల తర్వాత కరపత్రం పట్టుకుని ఇద్దరు దిగారు,
అప్పుడు గుర్తొచ్చింది.

జింకీ, ఇది కూడా రాయి:
పడ్డ మానుని మూడు ముక్కలు కోశారు.
ఒకటి బడి పిల్లల బెంచీలయింది, ఒకటి క్రిస్పులో బల్ల.
మూడోది మా వంటింటి దూలం,
ఉల్లిపాయల గుత్తులు వేలాడేది దానికే.
చూడాలనుంటే రండి, టికెట్టేం లేదు.
కిందటేడు ఫిన్లాండు మొగుడూపెళ్ళాలు నా వంటింటి నేలమీద వెల్లకిలా పడుకుని
కెమెరా ఏటవాలుగా పట్టుకుని
దాన్ని మళ్ళీ వంచాలని చాలాసేపు చూశారు.
నేను వాళ్ళ కాళ్ళు దాటుకుంటూ చేపలు వేయించాను.

గుమ్మం ఎత్తు తక్కువ, తల వంచి రండి.
గుడ్లు ఉడకబెట్టాలో వేయించాలో రాత్రే చెప్పండి.
తిరుగు పడవ ఆరింటికి.
అది మాత్రం ఆరింటికే వెళ్ళిపోతుంది.