సున్నం గీతల కుండ

కాశీబుగ్గలో మా వీధి గాలికే జీడిపిక్కల వాసన.
బాయిలరు విప్పిన పూట
ఆరేసిన బట్టలకీ, మరిగే టీకీ అదే.
బదిలీ మీద వచ్చిన బ్యాంకు హైమవతిగారు
పండక్కి ఒక్కర్తీ, పిల్లతో, అద్దింట్లో ఉన్నారని
ఉగాది భోజనానికి రమ్మన్నాను.

"పాపకు జీడిపప్పు పడదక్కా" అందామె, గుమ్మంలోనే నిలబడి.
పలాసకొచ్చి జీడిపప్పు పడదా!
మా అత్త తవిటమ్మ పగలబడి నవ్వింది.
"మా గుంటలకి దిష్టి తగలకండా
మొలతాడుకి కట్టీదే జీడిపిక్క కదేటి!"
ఆమె నవ్వలేదు.
చేతిసంచి జిప్పు లాగి చూపింది:
గాజు మందుబుడ్డి, సూది,
మడతల్లో చిరిగిన చీటీ మీద డాక్టరు నెంబరు.
నంద్యాలలో ఏదో పెళ్లి, ఒక్క లడ్డూ ముక్క,
పెదవులుబ్బి గొంతు మూసుకుపోతుంటే
ఆటోలో ఆమె లెక్కపెట్టిన ఊపిర్లు.

నేను నా చేతులు చూసుకున్నాను.
పదకొండేళ్లుగా పిక్క కొట్టిన చేతులు.
బూడిద రాసినా, ఆముదం పూసినా
జీడినూనె కాల్చిన నలుపు
వేళ్ల సందుల్లోంచి కదల్దు.

నాలుగు రోజులు పనిలోకి పోలేదు.
పోయిన కూలి, ఫోన్లో మేస్త్రి తిట్లు
రెండూ పండగ ఖర్చులో రాసుకున్నాను.

ముక్కల డబ్బా పక్కింటి జయంతి అటక మీదికి.
ఆ పప్పు వేయించిన నెయ్యి దీపాల్లోకి.
మూకుడు బూడిదతో తోమి, సబ్బుతో తోమి,
మరుగునీళ్లు పోసి, ఇంకా నమ్మకం కుదరక
కొత్తది కొన్నాను.
రోలు జోలికి మాత్రం పోలేదు.
ఎన్నేళ్ల నూరుళ్లో, రాతి కంతలకి జ్ఞాపకం ఎక్కువ.
జ్వరమొచ్చిన మనిషికి కప్పినట్టు
గోనెపట్టా కప్పేశాను.

పచ్చడికి ఎలాగూ కొత్త కుండే.
పాయసానికీ ఇంకోటి తెచ్చాను.
"జీడిపప్పు నేని పాయసమేటే మోహినీ, గంజి గానీ"
సణుగుతూనే అత్త కొబ్బరి కోసింది,
గోరంత గోరంత ముక్కలు.
కొత్త నేతిలో అవి ఎర్రబడేదాకా
పొయ్యి పక్కనే కూచుంది,
జేబులో ఏముందో చూడందే
మనవణ్ణి కూడా అటు రానివ్వలేదు.

పండగనాడు హైమవతి క్యారియర్ తెచ్చుకుంది.
పాపకి పెరుగన్నం, ఒకవేళకి.
నాకు చురుక్కుమంది.
ఏమీ అనలేదు. ఒక్కో గిన్నె మూత తీసి చూపించాను,
పరీక్ష హాలు ముందు జేబులు తిప్పి చూపే పిల్లలా.
ఆమె నెయ్యి వాసన చూసింది.
నూనె ప్యాకెట్టు వెనక చీమల్లాంటి అక్షరాలు చదివింది.
క్యారియర్ గోడవారన పెట్టింది.

మొదటి చెంచా ఆమే పెట్టింది.
తర్వాత ఎవరం మాట్లాడలేదు.
ఫ్యాను, గోడ గడియారం, దూరంగా స్టేషన్లో గూడ్సు బండి.
లెక్కలు రావని చెప్పే మా అత్త
వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కపెడుతోంది.
లోహిత మాత్రం
వేపపువ్వు చేదుకి మొహం అష్టవంకర్లు తిప్పి,
పాయసం గిన్నె ముందుకు తోసి,
"ఆ ఎర్ర పళ్లు ఇంకొన్ని" అంది.
క్యారియర్ మూత తెరుచుకోనే లేదు.

వెళ్లేటప్పుడు పాప నా వేళ్లు పట్టుకోబోయింది.
చేతులు వెనక్కి దాచేశాను.
"ఆ నలుపేంది అత్తా?"
"పనిది" అన్నాను.
మోచెయ్యి వంచి ఇచ్చాను.
అది పట్టుకునే మెట్లన్నీ దిగింది.

మర్నాడు మళ్లీ షెడ్డు, మళ్లీ పిక్కలు.
సాయంత్రం కొంగున నూకముక్కలు కట్టుకొచ్చేసరికి
గూట్లో పాయసం కుండ బోర్లించి ఉంది,
మెడ చుట్టూ మూడు సున్నం గీతలు.
అక్షరం రాని మా అత్త చేవ్రాలు.
ఖాళీగా ఉంది కదాని ముక్కలు పోయబోతే
చెయ్యి మీద ఒక్కటేసింది:
"ముట్టకు. అది ఆ గుంటది."