గోడెక్కే వేళ్ళు

గ్రీమ్స్‌పేటలో టైర్ల షాపు మీద నా క్లినిక్కు.
కింద చక్రాలకు పంచర్లు వేస్తారు,
పైన మనుషులకు నేను.
మెట్లు పద్నాలుగు.
మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెట్టుకొక తిట్టు తిట్టుకుంటూ ఎక్కుతారు.
ఆ తిట్లు వింటే చాలు,
ఎడమదో కుడిదో, ఎంత అరిగిందో
తలుపు తీయకముందే సగం తెలిసిపోతుంది.

చదువుకున్న పుస్తకంలో నొప్పికి
సున్నా నుంచి పది దాకా అంకెలున్నాయి.
ఇక్కడ అంకె చెప్పినవాళ్ళు లేరు.
ఆటో గజేంద్రకు తుంటి నుంచి మడమ దాకా జివ్వుమని లాగుతుంది,
గుంత కనబడితే ముందు అతనే బ్రేకవుతాడు.
అరగొండ పెద్దాయన అరికాళ్ళలో
రాత్రి చీమలు పాకుతాయి,
తెల్లారేసరికి ఆ చీమలే నిప్పులు.
ఆయనకు ముందు షుగరు చీటీ, నా వంతు తర్వాత.
బ్యాంకు క్యాషియరమ్మకు మెడ పీకుతుంది
నెలాఖరుకు మరీ.

మొగిలమ్మ అంకే చెప్పలేదు, మాటా చెప్పలేదు.
చెయ్యెత్తమంటే ఎత్తింది.
భుజం మట్టానికి వచ్చి ఆగిపోయింది,
తాడు చాలని బొక్కెనలా.
"రైక తొడిగేదానికి ముక్కాలు గంట సా.
తల పాపే దువ్వతా ఉండాది."

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆరు సీజన్లు.
తోతాపురి తొడిమ తియ్యడం, చెక్కు చీరడం,
పక్క బెల్టు మీదికి విసరడం.
పుత్తూరు పోయిందట కట్టు కట్టించుకోవడానికి.
వాళ్ళు తడిమి చూసి
"విరిగింది కాదమ్మా ఇది, బిగిసింది" అని పంపేశారట.
గడ్డకట్టిన భుజం అంటారు దీన్ని, అన్నాను.
"చిత్తూరు ఎండల్లో గడ్డకట్టేదేంది సా"
నవ్వకుండా అడిగింది.

వేడి కాపడం చెప్పాను.
ముందుకు వంగి చేతిని ఉత్త చేదలా ఊపమన్నాను.
మరీ నిద్ర పట్టకపోతే పెద్ద డాక్టరు దగ్గర ఒక సూది.
మిగతాది కాలం, ఏడాది పట్టొచ్చు.
"ఏడాదంటే ఇంకో సీజను" అంది.

తర్వాత గోడ చూపించాను.
చూపుడువేలు, నడిమివేలు రెండూ కాళ్ళనుకో,
అలిపిరి మెట్లెక్కుతున్నాయనుకో.
భుజం ఎత్తుకు వచ్చేసరికి
మోకాళ్ళ పర్వతం వస్తుంది.
అక్కడ ఆగకూడదు, పరిగెత్తకూడదు.
పళ్ళ మధ్య గోవిందా నలుగుతుండగా
ఆ రెండు వేళ్ళు ఎక్కాయి.
ఆగినచోట పెన్సిలు గీత గీసి తేదీ వేశాను.
మార్చిలో నా గడ్డం దగ్గర,
ఏప్రిల్ ఆఖరుకు నా నుదురు దాటి.

పద్దెనిమిదేళ్ళుగా పక్కవాళ్ళ నొప్పులు నొక్కి నొక్కి
నా బొటనవేలి మొదట్లో ఒకటి చేరింది.
చీటీ రాస్తూ పెన్ను మార్చి పట్టుకుంటాను,
ఎవరూ చూడరనుకుంటాను.
"నీకు గోడ లేదా సా?" అంది మొగిలమ్మ
ఒకరోజు చెప్పులేసుకుంటూ.

జూన్లో ఫ్యాక్టరీ తెరిచారు.
గీతలు ఆగిపోయాయి.
ఇంటి ఓనరు, నన్నడగకుండా,
గదంతా సున్నం కొట్టించాడు.

ఆగస్టులో వచ్చింది.
గోళ్ళ సందుల్లో మామిడి సొన నల్లగా,
దగ్గరకొస్తే పుల్లటి వాసన.
"యాడ సా నా గీతలు?"
సున్నం కిందున్నాయి, అన్నాను.
తెల్లగోడ ముందు కాసేపు నిలబడింది.
వేళ్ళు బయల్దేరాయి.
పర్వతం దాటాయి, తడబడ్డాయి,
నా కళ్ళ ఎత్తున ఆగిపోయాయి.
పోయిన గీత ఎక్కడుండేదో ఇద్దరికీ తెలుసు.
తలెత్తి ఆ ఖాళీని చూసింది.

"గోడ పెరిగినట్టుండాది సా."

అవును, వానలకు, అన్నాను.
పెన్సిలు ఎడమచేత్తో తీసుకున్నాను.
గీత వంకరగా వచ్చింది.