జీడి గుర్తు

బాదేపల్లి అంగట్ల
ఉల్లిగడ్డల సాలు దాటినంక
టార్పాలిన్ మీద మౌలాలి కుప్ప.
ఏ అంగి అయినా ఎనభై, ఏరుకో ఏరుకో అని
స్టూలెక్కి అరుస్తుంటడు.

కుప్పను కండ్లతోటి చూడొద్దు.
చెయ్యి పెట్టాలె, మోచేతి దాకా.
పాలిస్టర్ సల్లగ జారుతది, చేపలెక్క.
నూలు ఆగుతది.
ఆగినదాన్ని పట్టి గుంజాలె.

తర్వాత తిరగేసి చూడాలె.
పైకి నవ్వే బట్టలు మస్తున్నయ్,
లోపలి కుట్టే నిజం చెప్పేది.
సంక కింద ఎండకు పెట్టి చూస్తే
జల్లెడ కనపడిందా, వదిలెయ్.
కాలర్ అరిగితే ఫికర్ లేదు, తిప్పి కుట్టుకోవచ్చు.
గుండీలు ఊడితే ఊడనీ,
కాజాలు గట్టిగుండాలె.
వాసన చూస్తుంటే నవ్వుతది మా జంగమ్మ.
నవ్వనీ. కలరా ఉండల వాసనొస్తే
పెట్టెల దాచిన అంగి అన్నట్టు.
దాచిన బట్ట అరగదు.

మాకు కావాల్సింది పొడుగు చేతులవి.
పత్తి ఏరవోతే చీర మీద తొడుక్కోవాలె.
కాయ ఎండితే డొప్పలకు గోర్లొస్తయ్,
మణికట్లు గీసి గీసి
మాపటికి చెమట తగిలినా మంట.
కొత్త అంగి అంటే రెండు రోజుల కూలి.
పాతది, మంచిది దొరికితే, రెండు పంటలు.

మొన్న చెయ్యి పెడితే ఒకటి ఆగింది.
తెల్లది. తెలుపు పోయి మజ్జిగ రంగుకొచ్చింది.
దగ్గరి నేత, సీపి గుండీలు,
పక్క కుట్లు రెండేసి వరుసలు.
ఏ టైలరో ఓపికమంతుడు.
తిరగేసిన.
కింది అంచు లోపల, నల్లగ,
రెండు చుక్కలు, ఒక అడ్డగీత, దానికి తోక.

కూలబడ్డ అక్కడనే.

మా అమ్మ చెయ్యి అది.
నల్లజీడి గింజల సూది గుచ్చి,
నాలుక కొసను పండ్ల నడుమ పట్టుకొని
పెట్టేది మా మన్నెమ్మ.
అ ఆలు రానామెకు
నలభై ఇండ్ల లిపి వచ్చు.
మూడు చుక్కలు పోస్టు మాస్టరు.
ఒంటి చుక్క పాల కేంద్రం సారు.
తోక గీత వకీలు.

వకీలుకు తెల్లంగీలు పది.
మేనమామ పెండ్లికి అందుల ఒకదాన్ని
ఒక్క రాత్రి తొడుక్కున్నడు మా అన్న సిద్ధులు.
బువ్వ కూడ వంగకుండ తిన్నడు, పులుసు పడుతదని.
తెల్లారక ముందే అమ్మ ఉతికి, గంజి పెట్టి,
బొగ్గుల పెట్టెతోటి మడతలు నిలబెట్టింది.
అయినా కాలర్ల పసుపు కనిపెట్టిండు వకీలు.
ఏమన్నడో అమ్మ మాకు చెప్పలే.
ఆ నెల పైసలు మాత్రం రాలే.

తర్వాత ఇండ్లల్ల మిషన్లు గిరగిర తిరగవట్టినయ్.
గుర్తులతోటి పనిలేకుంటైంది.
జీడిగింజల ముంత అటక మీదికి పోయింది,
మేం పత్తి చేన్లకొచ్చినం.

ఇది ఆ అంగేనా? ఏమో.
పదిట్ల ఒకటి.
పసుపేం కనపడలే,
అమ్మ ఉతికినంక ఎందుకు కనపడుతది.
వకీలు పోయిండని ఇన్న.
దినాలైనంక స్టీలు గిన్నెలామె
మూట కట్టుకపోయుంటది,
ఒక టిఫిను డబ్బకో, చాయ జాలికో.

మౌలాలి ఎనభై అన్నడు.
నేను యాభై అన్న, అలవాటు చొప్పున.
అరవైకి తెగుతుండంగ
ఎందుకో ఎనభై చేతుల పెట్టేసిన.
ఎగాదిగ చూసిండు వాడు.

ఇయ్యాల చేన్ల తొడుక్కున్న.
చేతులు పొడుగైనయ్, రెండు మడతలు పెట్టిన.
భుజాలు జారినయ్.
"ఓ వకీలమ్మా, సాలు వదిలినవ్" అంటది జంగమ్మ.
దానికి చెప్పకుండ ఉండాల్సింది.
డొప్ప గోర్లు పైన గీకుతున్నయ్,
లోపలికి దిగుతలేవు.
పత్తికి పత్తే అడ్డం.

మాపటికి నేనే ఉతుకుత.
గుర్తు మీద సబ్బు పెట్ట.
పెట్టినా పోదు,
అది వేరే సంగతి.